ఏ దిక్కుకు పోవాలి? – శరణార్థుల వలస, దాని కారణాలు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "ప్రపంచ శరణార్థుల వలస – కారణాలు". ఫోన్ చేసిన తమ్ముడితో, "ఇంత పెద్ద విషయం నాకెందుకురా, ముప్పై ఏళ్లు ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, పోడు గురించో పండుగల గురించో చెప్పమంటే చెప్తాను" అన్నాను. అతను ఒక మాటన్నాడు. "సార్, మన పిల్లలు ఫోన్లో ఉక్రెయిన్, గాజా వీడియోలు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. సాయంత్రం అయ్యేసరికి ఊరవతల గుత్తికోయల గుంపు దగ్గరికి పోయి, మా అడవి కొట్టేస్తున్నారని కొట్లాటకు దిగుతారు. ఈ రెంటికీ ఏమైనా సంబంధముందేమో మీరే చెప్పాలి." అందుకే వచ్చాను. ఆ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్తే సిగ్గుపడతాడు.

ముందు ఒక పాత మాటతో మొదలుపెడతాను. ఇప్పుడు శరణార్థులు అంటున్నాం గాని, మా చిన్నప్పుడు పత్రికల్లో "కాందిశీకులు" అని రాసేవారు. దేశ విభజన గురించి చదివితే ఆ మాటే కనిపిస్తుంది. అది సంస్కృతం. "కాం దిశం" అంటే ఏ దిక్కుకు అని అర్థం. "ఏ దిక్కుకు పోవాలి?" అంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఎక్కడికి పోవాలో తెలిసినవాడిది వలస. మన పిల్లలు మిరపకాయ కోతకు పోతారు, హైదరాబాద్‌కు పనికి పోతారు, వాళ్లకు బస్సు నంబరు తెలుసు, తిరిగొచ్చే తారీఖు తెలుసు. కాందిశీకుడికి ఆ రెండూ తెలియవు.

చట్టం మాటలో శరణార్థి ఎవరు? 1951లో ఐక్యరాజ్య సమితి ఒక ఒడంబడిక తెచ్చింది. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం – ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో సొంత దేశం దాటి బయట ఉన్నవాడు శరణార్థి. అది మొదట యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన జనం కోసం రాసుకున్నది. 1967లో ఆ కాలపరిమితి తీసేశారు. మన దేశం దాని మీద సంతకం చేయలేదు. అయినా 1959లో టిబెటన్లు, 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా, 1983 తర్వాత శ్రీలంక తమిళులు ఇక్కడికే వచ్చారు.

ఆ ఐదు కారణాల్లో ఏమేం లేవో గమనించారా? కరువు లేదు. వరద లేదు. ఆకలి లేదు. డ్యామ్ లేదు. ఇంకొకటి, సరిహద్దు దాటితేనే ఆ పేరు. ఇంట్లోంచి తరిమేస్తే పక్క జిల్లాలో తలదాచుకున్నవాడికి ఆ పేరు రాదు. 2024 ఆఖరుకు ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది అని ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ లెక్క. అంటే భూమ్మీద ప్రతి 67 మందిలో ఒకరు. వాళ్లలో సరిహద్దు దాటి శరణార్థులైనవాళ్లు 4 కోట్ల 27 లక్షలు. సొంత దేశంలోనే చెల్లాచెదురైనవాళ్లు 7 కోట్ల 35 లక్షలు. టీవీలో పడవల్లో యూరప్‌కు పోయేవాళ్లను చూపిస్తారు గనక అందరూ ధనిక దేశాలకే పోతున్నారనుకుంటాం. నిజానికి ప్రతి ముగ్గురు శరణార్థుల్లో ఇద్దరు పక్క దేశంలోనే ఆగిపోతారు. ఆ పక్క దేశం కూడా ఎక్కువసార్లు పేదదే. పేదవాడి గుడిసెలోకే ఇంకో పేదవాడు వస్తాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమొస్తుంది.

ఇక కారణాలు. యుద్ధం, మతం, కరువు, నియంతలు అని నోట్సు చెప్పినట్టు చెప్పొచ్చు. మీరు రాసుకుంటారు, రేపు మర్చిపోతారు. దానికి బదులు ఒక్క జాతి కథ చెప్తాను. వాళ్లు మనలాంటి కొండ జనమే. వాళ్లకూ పోడు ఉంది, వాళ్లు జూమ్ అంటారు. వాళ్లు చక్మాలు.

ఇప్పటి బంగ్లాదేశ్‌కు ఆగ్నేయ మూల చిట్టగాంగ్ కొండలున్నాయి. మిజోరం, త్రిపురలకు ఆనుకునే ఉంటాయి. చక్మా, మార్మా, త్రిపుర లాంటి తెగలు అక్కడుంటాయి. బ్రిటిష్ వాళ్లు 1900లో ఒక రెగ్యులేషన్ తెచ్చి, బయటివాళ్లు ఆ కొండల్లో స్థిరపడకుండా కట్టడి చేశారు. మన ఏజెన్సీలో 1/70 చట్టం గురించి వింటూ పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

1947 వచ్చింది. ఆ కొండల్లో నూటికి 97 మంది దాకా ముస్లిమేతరులు. చక్మాలు బౌద్ధులు. భారతదేశంలోనే ఉంటామనుకున్నారు. ఆగస్టు 15న రంగమాటిలో భారత జెండా కూడా ఎగరేశారు. రెండు రోజుల తర్వాత, 17న, రాడ్‌క్లిఫ్ గీత బయటపడింది. కొండలు పాకిస్తాన్‌కు పోయాయి. మరి కొన్ని రోజులకు పాకిస్తాన్ సైన్యం వచ్చి జెండా దించింది. అక్కడి మనిషి ఒక్క అడుగు కదల్లేదు, దేశమే ఆయన కాళ్ల కింద నుంచి జరిగిపోయింది. అయినా ఆ రోజున పెద్దగా ఎవరూ పారిపోలేదు. ఇల్లుంది, పొలం ఉంది, జూమ్ ఉంది. ఉండిపోయారు.

తర్వాత నీళ్లొచ్చాయి. కర్ణఫులి నది మీద కాప్తాయి దగ్గర డ్యామ్ మొదలుపెట్టారు. విద్యుత్తు కోసం, అమెరికా సాయంతో. 1962 నాటికి పూర్తయింది. 655 చదరపు కిలోమీటర్లు మునిగింది. ఆ కొండల్లో దున్నుకునే భూమే తక్కువ, నదుల పక్కన లోయల్లో ఉన్నదే సాగుభూమి. దానిలో 54 వేల ఎకరాలు, అంటే నూటికి 40 వంతులు నీళ్లపాలైంది. దాదాపు లక్ష మంది ఇళ్లు పోయాయి, ఎక్కువమంది చక్మాలు. చక్మా రాజుగారి పాత కోట కూడా రంగమాటిలో నీటి కిందికి పోయింది. కరెంటు ప్రధానంగా మైదానంలోని పట్నాలకూ మిల్లులకూ పోయింది. ఇప్పుడు అది అందమైన సరస్సు, బోటు షికార్లుంటాయి.

నిర్వాసితులు చాలామందికి సరిపడా భూమి దొరకలేదు, దొరికినచోట లోయ భూమికి బదులు గుట్ట. అప్పుడు 1964లో 40 వేల మంది దాకా సరిహద్దు దాటి భారతదేశానికి నడిచారు. చక్మాలు ఆ వలసను "బర పరంగ్" అంటారు, పెద్ద వలస అని. వాళ్ల తాతలు దాన్ని ఇంకా చెప్పుకుంటారట, మన ముసలోళ్లు గోదావరి వరద సంవత్సరాలు చెప్పుకున్నట్టు.

ఇక్కడ ఆగి మిమ్మల్ని ఒకటి అడగాలి. వాళ్లు ఎందుకు పారిపోయారు? డ్యామ్ వల్లనా? డ్యాములు చాలాచోట్ల కట్టారు, దేశం విడిచిపోయేంత పని అన్నిచోట్లా జరగలేదు. మతం వల్లనా? ఆ మతంతోనే 1947లో ఆగి ఉన్నారు కదా. గీత గీసినప్పుడు వాళ్లను అడిగినవాళ్లు లేరు, డ్యామ్ కట్టినప్పుడూ లేరు. 1964లోనే ఆ కొండలకున్న ప్రత్యేక రక్షణను కూడా తీసేశారు. నా లెక్కలో ఇది ఒక గోడ ఇటుక ఇటుకగా కూలడం లాంటిది. ఆఖరి ఇటుక పడిన రోజునే మనం వార్తల్లో చూస్తాం. ఆ రోజు ఏం జరిగిందో దాన్నే "కారణం" అని పరీక్షలో రాస్తాం.

కథ అక్కడితో అయిపోలేదు. బంగ్లాదేశ్ పుట్టింది. 1972 రాజ్యాంగం ఆ దేశ పౌరులందరూ బెంగాలీలే అని రాసింది. కొండల నుంచి ఎన్నికైన మానవేంద్ర నారాయణ్ లార్మా అనే చక్మా నాయకుడు, నేను బెంగాలీని కాను, నాకు వేరే జాతి ఉందని సభలో అభ్యంతరం చెప్పాడు. వినలేదు. ఆ తర్వాత సాయుధ పోరాటం, సైన్యం. 1979 నుంచి మైదానాల్లోని భూమిలేని పేదలను లక్షల సంఖ్యలో తెచ్చి కొండల్లో స్థిరపరిచారు. పేదవాడి గుడిసె, ఇంకో పేదవాడు. ఊళ్లు కాలాయి, 1986 నుంచి మళ్లీ వేల కుటుంబాలు త్రిపుర శిబిరాలకు వచ్చాయి. 1997 డిసెంబరు 2న శాంతి ఒప్పందం జరిగాక చాలామంది వెనక్కి పోయారు. ఆ ఒప్పందంలోని భూమి మాట ఇప్పటికీ తెగలేదు.

ఇప్పుడు ఆ 1964లో వచ్చినవాళ్ల సంగతి. వారిలో 15 వేల మంది దాకా చక్మాలను, హాజోంగులను కేంద్ర ప్రభుత్వం అప్పటి నేఫాకు తీసుకుపోయి స్థిరపరిచింది. అదే నేటి అరుణాచల్ ప్రదేశ్. ఖాళీ నేల చాలా ఉంది కదా అనుకున్నారు. అడవిలో ఖాళీ నేల అనేది ఉంటుందా? మీరే చెప్పండి. అక్కడ సింగ్ఫోలు, ఖాంతీలు, ఇంకా ఎన్నో తెగలున్నాయి. వాళ్లనూ ఎవరూ సరిగా అడగలేదు. రాష్ట్రం ఏర్పడ్డాక అక్కడి విద్యార్థులు, మీ వయసువాళ్లే, వీళ్లను పంపేయండి అని ఉద్యమం చేశారు. మా భూమి, మా సీట్లు, మా సంఖ్య ఏమైపోతుందని వాళ్ల భయం. ఆ భయం అబద్ధమని నేననను. త్రిపురలో మూలవాసులు సొంత రాష్ట్రంలో మైనారిటీ కావడం వాళ్లు కళ్లారా చూశారు.

1996లో సుప్రీంకోర్టు, మానవ హక్కుల కమిషన్ వేసిన కేసులో, 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ ఉంటుందని తీర్పిచ్చింది. 2015లో పౌరసత్వం సంగతి మూడు నెలల్లో తేల్చమంది. వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఇక్కడే పుట్టిన మనవళ్లకు మనవళ్లు వచ్చారు. గొడవ ఇంకా నడుస్తోంది. ఈ గొడవలో రెండు పక్షాలూ కొండ జనమే. గీత గీసినవాడు, డ్యామ్ కట్టినవాడు, ఖాళీ నేల అని పటం మీద వేలు పెట్టినవాడు – ఆ ముగ్గురిలో ఒక్కడూ ఈ గొడవలో లేడు.

మిగతా ప్రపంచం గురించి తొందరగా చెప్తాను, టైము చూసుకోమని నిర్వాహకులు సైగ చేస్తున్నారు.

కాగితం పోగొట్టి తరమడం ఒక పద్ధతి. మయన్మార్‌లో 1982 పౌరసత్వ చట్టం వచ్చాక, గుర్తించిన జాతుల్లో రోహింగ్యాల పేరు లేకుండా పోయింది. అప్పుడు పెద్ద వార్త కూడా కాలేదు. 35 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 25న మొదలైన సైనిక దాడులకు కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పరుగెత్తారు. హైదరాబాద్ బాలాపూర్ వైపు పోతే వాళ్లలో కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి. అదే బర్మా నుంచి 1942లో జపాన్ దాడి చేసినప్పుడు మన తెలుగు కూలీలూ కాలినడకన కొండలు దాటి వచ్చారు, దారిలో ఎంతమంది పోయారో. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఊరికే రాలేదు.

భూమి కోసం తరమడం ఇంకొకటి. సుడాన్‌లో 2023 ఏప్రిల్ 15న ఇద్దరు సైన్యాధిపతుల మధ్య యుద్ధం మొదలైంది. వార్తల్లో అంతే వస్తుంది. కాని పడమట డార్ఫర్‌లో మసాలిత్ అనే తెగ ఉంది. వాళ్ల నేలను దార్ మసాలిత్ అంటారు, మసాలిత్‌ల ఇల్లు అని. పశువుల కాపరులకూ రైతులకూ నీళ్ల కోసం, మేత కోసం ఉన్న పాత తగాదాలను, కరువు ముదిరాక, ప్రభుత్వమే ఒక పక్షానికి తుపాకులిచ్చి పెంచింది. ఆ తుపాకులు పట్టినవాళ్లే తర్వాత సైన్యంలా తయారయ్యారు. 2023లో మసాలిత్‌లను ఊళ్లకు ఊళ్లు చంపి తరిమారు. వాళ్లు పోయింది ఎక్కడికి? చాద్ దేశానికి. ప్రపంచంలోని అతి పేద దేశాల్లో అదొకటి.

ఇక సముద్రం. కిరిబాటి అనే చిన్న దీవుల దేశం నుంచి ఒకాయన న్యూజిలాండ్ పోయి, మా నేల ఉప్పునీటి పాలవుతోంది, ఆశ్రయం ఇవ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు. కేసు ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ దాకా పోయింది. 2020లో ఆయనకు వ్యతిరేకంగానే వచ్చింది గాని, వాతావరణ మార్పు వల్ల ప్రాణానికే ముప్పు ఉంటే వెనక్కి పంపడం తప్పు కావచ్చని మాత్రం ఆ కమిటీ ఒప్పుకుంది. అంటే తలుపు తెరవలేదు, గడియ కొంచెం కదిలింది.

ఇప్పుడు శబరి ఒడ్డుకు వద్దాం.

2005లో దంతెవాడ, బీజాపూర్ వైపు సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరాలకు రమ్మన్నారు. వస్తే మావోయిస్టులకు పగ, రాకపోతే మావోయిస్టువే అని ముద్ర. 600కు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయని అప్పట్లో లెక్క చెప్పారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అప్పటికే వేల కుటుంబాలు అడవుల్లోంచి నడిచి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల్లోకి వచ్చేశాయి. గుత్తికోయలు అని మనం పెట్టిన పేరు. వాళ్లను అడిగితే మురియా అంటారు, కోయ అంటారు. మన మాటకు వాళ్ల మాట దగ్గర. ముసలివాళ్లను కూర్చోబెట్టి గట్టు, వేల్పు అడిగితే ఎక్కడో ఒకచోట కలుస్తుంది.

ఆ రోజుల్లో మా బడికి ఒక పాప వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. రిజిస్టరులో రాయడానికి ఊరు అడిగాను, చెప్పింది. జిల్లా ఏదంటే తెలియదు. పుట్టిన తేదీ లేదు. కాగితాలేవి అని నేనే అడిగాను. వాళ్ల నాన్న నవ్వాడు. "ఇల్లు కాలినప్పుడు కోడిని పట్టుకొచ్చాం సారూ, కాగితం గుర్తు రాలేదు" అన్నాడు. ఆ కాగితం కోసం ఆ తర్వాత ఒక ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగాను. పాప ఏడో తరగతిలో బడి మానేసింది. పరీక్ష ఫీజు రాయితీకి కుల ధృవీకరణ కావాలన్నారు, అది రాలేదు. ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు.

చట్టం ప్రకారం వాళ్లు శరణార్థులు కాదు. దేశం దాటలేదు. ఎస్టీ హోదా ఒక రాష్ట్రం దాటితే వెంట రాదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకే పట్టా అంటుంది. వీళ్లలో చాలామంది ఆ తేదీకి అప్పుడే దారిలో ఉన్నారు, లేదా ఇంకా బయలుదేరనే లేదు.

మీ కోపం నాకు తెలుసు. చెట్లు కొడుతున్నారు. మన పట్టాలకే దిక్కులేదు, వీళ్లెక్కడి నుంచి వచ్చారు అంటారు. కొట్టిన చెట్టు కొట్టినట్టే, నేను కాదనను. అడవి తగ్గితే ఇప్పపువ్వు తగ్గుతుంది, తునికాకు తగ్గుతుంది, ఆ నష్టం మన ఊరిదే. గ్రామసభలో కూర్చోబెట్టి ఎక్కడిదాకా, ఎంతవరకు అని హద్దు మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్న ఊళ్లు నేను చూశాను. హద్దు మాట్లాడడం వేరు, రాత్రిపూట పోయి గుడిసె పీకడం వేరు. మొన్నామధ్య ఆ పని చేసినవాళ్లలో నా దగ్గర చదువుకున్న ఇద్దరున్నారు. అందుకే ఇంత దూరం వచ్చి ఇది చెబుతున్నాను.

ఇంకో సంగతి. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా. పోలవరం ముంపు లెక్కలో లక్షకు పైగా కుటుంబాలున్నాయి. 2014లో ఆ మండలాలను ఈ రాష్ట్రం నుంచి ఆ రాష్ట్రంలో కలిపారు. అక్కడి మనిషి ఒక్క అడుగు కదల్లేదు. మీలో కొందరు కాలనీ ఇళ్లకు మారారు, అక్కడ ఆ పక్క ఊరివాళ్లు మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారో నాకు చెప్పారు కూడా. ఆ మాట ఇక్కడ అనను.

నేనడిగేది పెద్దదేం కాదు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. మీ ఊరి పక్కన గుంపు ఉంటే వెళ్లి, ఒక్కో ఇంట్లో పెద్దవాళ్లు ఏ ఊరు వదిలారో, ఏ సంవత్సరం, ఏ వాగు దాటి వచ్చారో వాళ్ల మాటలోనే రికార్డు చేయండి. మాట మీకు అర్థమవుతుంది, కలెక్టరుకు అర్థం కాదు. పుట్టిన పిల్లలకు జనన ధృవీకరణ ఉందా లేదా చూడండి, లేకపోతే పంచాయతీ కార్యదర్శి దగ్గరికి మీరే తీసుకుపోండి. ఇక్కడ పుట్టిన పిల్లకు ఇక్కడ కాగితం రావాలి, దానికి ఎవరి దయా అక్కర్లేదు. అలాగే ముంపు ఊళ్ల పేర్లు, గట్లు, వేల్పుల చోట్లు మన ముసలివాళ్లు ఉండగానే రాసిపెట్టండి. ఈ రెండు పనులకూ ఒకే నోటుబుక్కు సరిపోతుంది. సంఘం వాళ్లు వచ్చే భూమి పండుగ నాటికి అది కావాలంటున్నారు. రాసేవాళ్లు ముందుకొస్తే నేను కూర్చుని అక్షరాలు దిద్దుతాను, అది నాకు అలవాటైన పనే.

భోజనాలకు ఆలస్యమైంది. సెలవు. జై ఆదివాసీ.